పాటకో ముల్లు

(విజయవాడలో పాత వస్తువులు సేకరించే మిత్రుల ముందు ఒక రిటైర్డ్ లెక్కల టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముందు ఈ డబ్బీని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ చూడండి. భయపడకండి, చేతిలో పట్టుకోవడానికే చేసిన వస్తువు. అగ్గిపెట్టె కంటే కొంచెం చిన్నది. మూత మాత్రం గబుక్కున లాగొద్దు. లోపల గ్రామఫోను ముళ్ళున్నాయి, అంటే సూదులు. ఒళ్ళో పడితే ఏరుకోవడం కష్టం.

మూత మీద గ్రామఫోను బూరా ముందు కూర్చున్న కుక్క కనిపిస్తుంది. అందరికీ తెలిసిన కుక్కే. మన వైపు పెద్దవాళ్ళు హిజ్ మాస్టర్స్ వాయిస్ అనే కంపెనీ పేరు పలకలేక "కుక్కబొమ్మ ప్లేటు" అనేవాళ్ళు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ అది. ఆయన మొదట వేసింది ఎడిసన్ సిలిండర్ యంత్రం ముందు కూర్చున్న కుక్కని. 1899లో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు ఆ యంత్రాన్ని చెరిపి మా యంత్రం వేస్తే కొంటాం అన్నారు. ఆయన దాని మీదే మళ్ళీ రంగు వేసి ఇచ్చాడు. బొమ్మకి 50 పౌన్లు, హక్కులకి ఇంకో 50 పౌన్లు. నిప్పర్ అనే ఆ కుక్క అప్పటికే చనిపోయి నాలుగేళ్ళు. కుక్క సంగతి ఇంతటితో చాలు. అందరూ కుక్కని చూసి డబ్బీని వదిలేస్తారు, నేను డబ్బీ గురించి చెప్పడానికి వచ్చాను.

మా నాన్నగారికి గుంటూరు కొత్తపేటలో మైకుసెట్టు కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకి, శ్రీరామనవమి పందిళ్ళకి, ఎలక్షన్ మీటింగులకి అద్దెకిచ్చేవారు. రికార్డులని మేం ప్లేట్లు అనేవాళ్ళం. గ్రామఫోను సూదిని ఇంట్లో ముల్లు అంటే, కొట్లో పనిచేసే కుర్రాళ్ళు పిన్ను అనేవాళ్ళు. పెళ్ళి అయిపోయి సామాను బండి మీద తిరిగొచ్చాక నాకొక పని ఉండేది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి పట్టుకుని, ప్లేట్ల పెట్టెల్లో, వైర్ల చుట్టల్లో, జంపఖానా మడతల్లో పడిపోయిన ముళ్ళన్నీ ఏరి ఒక డబ్బీలో వెయ్యాలి. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. అరికాలిలో ముల్లు దిగితే నాన్నగారు తీసిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ముల్లు తీశాక దాన్ని పారెయ్యలేదు, దీపం వెలుతురులో మొన చూసి పక్కన పెట్టారు.

అంత చిన్న ముల్లుకి అంత మర్యాద ఎందుకో అర్థం కావాలంటే ప్లేటు సంగతి కొంచెం తెలియాలి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేటుని లక్కతో చేసేవారు. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద లక్కపురుగు పెట్టే జిగురే అది. మనకి లక్క గాజులుగా, ఏటికొప్పాక బొమ్మల మీద రంగుగా, పోస్టాఫీసు సీలుగా తెలుసు. అప్పట్లో ప్రపంచానికి కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. లక్క ఒక్కటీ సరిపోదు కాబట్టి అందులో మెత్తగా నూరిన రాతిపొడి, నలుపు కోసం మసి కలిపేవారు. ఆ రాతిపొడి వల్ల ప్లేటు ఉక్కు ముల్లుని అరగదీస్తుంది. అది ప్లేటులో లోపం కాదు, కావాలనే అలా చేశారు. కొత్త ముల్లు మొన గుండ్రంగా ఉంటుంది. గాడిలోకి దిగగానే మొదటి కొన్ని చుట్లలో అరిగి ఆ గాడి ఆకారానికి తయారవుతుంది. అక్కడి నుంచి గాడిలో సరిగ్గా కూర్చుని పాడుతుంది. పైన ముల్లుని పట్టుకుని ఉండే సౌండ్ బాక్స్, దాన్ని మోసే చెయ్యి, అన్నీ కలిపి ఆ మొన మీద వంద గ్రాములకు పైగా బరువు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలూ అయ్యేసరికి మొన ఉలిలాగా పదునెక్కుతుంది. అదే ముల్లుతో ఇంకో వైపు వేశారంటే ఆ ఉలి అంచులు గాడి గోడల్ని చెక్కేస్తాయి. అందుకని ఒక్కో వైపుకి ఒక్కో ముల్లు. చాలా డబ్బీల మీద ఆ మాట అచ్చేసి ఉంటుంది, ఒక ముల్లుని ఒక్కసారే వాడమని.

ముల్లు చవక, ప్లేటు ఖరీదు. అరగాల్సింది ముల్లే అని నిర్ణయించిన మనిషెవరో గాని చాలా ఆలోచించిన మనిషి.

ఇప్పుడు నా పాత ఉద్యోగం బయటికొస్తుంది, ఏమీ అనుకోకండి. మామూలు డబ్బీలో 200 ముళ్ళు ఉంటాయి. అంటే 200 వైపులు, వంద ప్లేట్లు. పెళ్ళి పందిట్లో ప్లేటు మార్చడం, కీ ఇవ్వడం, ముల్లు బిగించడం అన్నీ కలుపుకుంటే గంటకి పదిహేను, పదహారు పాటలు పడతాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి అప్పగింతల దాకా పన్నెండు గంటలు వేశారనుకోండి, డబ్బీ ఖాళీ. ఒక పెళ్ళికి ఒక డబ్బీ! నాన్నగారు అంత ఖర్చు పెట్టలేరు. పందిట్లో వంటవాళ్ళ కేకలు, పిల్లల ఏడుపులు, మేళం మధ్య ఎవరికి తెలుస్తుంది అని కుర్రాళ్ళు ఒక ముల్లుతో నాలుగైదు పాటలు లాగించేవాళ్ళు. గరగరా వచ్చేది. నాన్నగారు చూసీ చూడనట్టు ఉండేవారు.

ఒక్క ప్లేటు విషయంలో మాత్రం ఊరుకునేవారు కాదు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు మా గుంటూరు ఏసీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఆయన పద్యాలు ఘంటసాల గారు పాడిన ప్లేటు మా కొట్లో ఉండేది. అది వెయ్యమని పెళ్ళివారు అడిగితే నాన్నగారు స్వయంగా లేచి, పాత ముల్లు తీసి, కొత్త ముల్లు బిగించి, తువ్వాలుతో ప్లేటు తుడిచి అప్పుడు పెట్టేవారు. రెండో వైపుకి మళ్ళీ కొత్త ముల్లు. మిగతా ప్లేట్లన్నీ అరిగి బూడిద రంగుకి వచ్చేశాయి. ఆ ఒక్క ప్లేటు ఇప్పటికీ నల్లగా నిగనిగలాడుతుంది. ఆ సంచిలో ఉంది, తెచ్చాను.

నేను డబ్బీలు పోగెయ్యడం మొదలుపెట్టింది ఉద్యోగంలో చేరి విజయవాడ వచ్చిన తర్వాత. నాన్నగారి కొట్టు అప్పటికే మూసేశాం. వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్టు ముందు నడుస్తుంటే, తాళంచెవుల కుప్పలో ఒక పిట్టబొమ్మ డబ్బీ కనిపించింది. సాంగ్‌స్టర్ అని ఆ రకం. షెఫీల్డులో జె. స్టెడ్ కంపెనీ వాళ్ళు చేసేవారు. చిన్నప్పుడు మా ఇంట్లో అదే పిట్టబొమ్మ డబ్బీలో అమ్మ పిన్నీసులు పెట్టుకునేది. కొట్టతను రెండు రూపాయలన్నాడు, బేరమాడకుండా ఇచ్చేశాను. ఇప్పుడు నా దగ్గర మూడు వందలకు పైగా ఉన్నాయి. అందులో కుక్కబొమ్మవి ఎక్కువ, తర్వాత కొలంబియా వాళ్ళ జంట స్వరాల గుర్తువి, సాంగ్‌స్టర్‌వి. జర్మనీవి కూడా చాలానే ఉన్నాయి. హెరాల్డ్, మార్షల్ లాంటి పేర్లు వాటి మీద ఉంటాయి. అక్కడ ష్వాబాక్ అనే ఊరు సూదుల తయారీకి పేరున్నది. అడుగున "వెస్టర్న్ జర్మనీ" అని రాసి ఉంటే అది 1949 తర్వాతదే. అంతకు ముందు ఆ దేశం రెండు ముక్కలు కాలేదు. అలా ఒక్క మాటతో డబ్బీ వయసు తెలిసిపోతుంది.

ఇంగ్లండులో సూదుల ఊరు రెడిచ్. కుట్టుసూదులు, చేపల గాలాలు, ఆ తర్వాత గ్రామఫోను ముళ్ళు, అన్నీ అక్కడ చేశారు. ఇంకో సంగతి చెబితే ఇక్కడి కుర్రాళ్ళకి సంతోషం. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిన ఊరు అదే. ఆ కంపెనీ మూలం 1851లో జార్జి టౌన్‌సెండ్ పెట్టిన సూదుల ఫ్యాక్టరీ. సూదుల నుంచి సైకిళ్ళు, సైకిళ్ళ నుంచి మోటారు సైకిళ్ళు. బీసెంట్ రోడ్డులో డుగ్గు డుగ్గు అంటూ పోయే బుల్లెట్ బండికి, నా చేతిలో ఉన్న ఈ ముల్లుకి ఒకటే పుట్టిల్లు.

ఇక ముల్లు రకాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఓపిక పట్టండి.

పాత గ్రామఫోనుకి సౌండ్ పెంచే, తగ్గించే మర లేదు. కరెంటే లేదు కదా. గాడిలో మెలికలకి ముల్లు అటూ ఇటూ ఊగితే, ఆ ఊపు సౌండ్ బాక్స్‌లోని పల్చటి అభ్రకం బిళ్ళకి అందుతుంది, బిళ్ళ కదిలితే బూరాలోంచి పాట. మరి సౌండ్ తగ్గించాలంటే? ముల్లు మార్చాలి. దొడ్డు ముల్లు ఊపుని బలంగా అందిస్తుంది, అది లౌడ్. సన్నటి ముల్లు తను కొంచెం వంగుతూ ఊపులో కొంత తన దగ్గరే ఉంచేసుకుంటుంది, అది సాఫ్ట్. మధ్యలో మీడియం, హాఫ్ టోన్. ఇంకా కావాలంటే ఎక్స్‌ట్రా లౌడ్. డబ్బీ మూత మీద ఆ మాటే పెద్దక్షరాలతో ఉంటుంది, రకాన్ని బట్టి రంగు మారుతుంది. చీకట్లో కూడా ఇది ఏ డబ్బీ అని వెతుక్కోకుండా ఒకే పెట్టెలో నాలుగు గదులు చేసి నాలుగు రకాలు పోసినవి కూడా ఉన్నాయి. అలాంటిది నా దగ్గర ఒకటి ఉంది, మధ్యాహ్నం బల్ల మీద పెడతాను.

ఎవరింట్లో ఏ రకం డబ్బీ దొరికిందో రాసుకుంటూ పోతే ఆ ఇల్లు కళ్ళకి కడుతుంది. నాకు దొరికినవాటిలో లౌడ్ రకమే ఎక్కువ. మన ఇళ్ళు అలాంటివి. గ్రామఫోను పెట్టె ఒక ఇంట్లో ఉంటే విన్నది వీధి అంతా. పెట్టెని అరుగు మీద పెట్టేవాళ్ళు, నాలుగిళ్ళ వాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. సాఫ్ట్ డబ్బీలు నాకు దొరికినవి చాలా తక్కువ. అందులో మూడు ఒకే ఇంట్లోవి. బ్రాడీపేటలో వీణ నేర్పిన ఒక పెద్దావిడ ఇల్లు అది. ఆవిడ మనవరాలు ఇచ్చింది. తలుపులు వేసుకుని, పెట్టె దగ్గరగా కూర్చుని, పాటలో సంగతులు ఎక్కడ ఎలా పడుతున్నాయో వినడానికి ఆవిడ సాఫ్ట్ ముల్లు వాడి ఉంటారు. ఆ మనవరాలు కూడా అదే అంది. "మామ్మ చెవి పెట్టి వినేది, మమ్మల్ని మాట్లాడనిచ్చేది కాదు" అంది.

ఉక్కు కాకుండా వెదురు ముళ్ళు కూడా వచ్చాయి. మూడు పలకలుగా కోసిన వెదురు బద్ద. మొన అరిగితే చిన్న కత్తెర లాంటి పరికరంతో ఏటవాలుగా కత్తిరించుకుని మళ్ళీ వాడుకోవచ్చు. చెట్టు ముళ్ళతో చేసినవి కూడా అమ్మేవారు. యుద్ధం రోజుల్లో ముళ్ళు దొరక్క తుమ్మముల్లు పెట్టి పాట విన్నామని మా నాన్నగారు చెప్పేవారు. ఎక్కువసేపు ఉండేలా చేసిన టంగ్‌స్టన్ ముళ్ళు, క్రోమియం పూత వేసినవి ఇంకో దారి. వాటి సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

డబ్బీ మీద బొమ్మ ఎలా వేశారో చెప్పాలి, ఎందుకంటే దాని వల్ల నేను ఒకసారి మోసపోయాను. రేకు మీద నేరుగా అచ్చు దిగదు. అప్పట్లో బొమ్మని నున్నటి రాతి పలక మీద గీసి అచ్చేసేవారు. రాయి గట్టిది, రేకు గట్టిది, రెండూ సరిగా అంటుకోవు. 1875లో ఇంగ్లండులో రాబర్ట్ బార్‌క్లే అనే అతను రాతి మీద బొమ్మని ముందు ఒక మెత్తటి రోలరు మీదకి ఎక్కించి, దాన్నుంచి రేకు మీదకి దింపే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ పుస్తకాలు అచ్చేసే ఆఫ్‌సెట్‌కి పెద్దమ్మ లాంటిది అది. రేకు పలక పరచి ఉండగానే రంగులన్నీ అచ్చేస్తారు, వేడిలో ఆరబెడతారు, ఆ తర్వాతే దాన్ని అచ్చుల్లో నొక్కి డబ్బీగా వంచుతారు. అందుకే నిజమైన డబ్బీలో బొమ్మ అంచు మీదుగా వంపులోకి కూడా సాగిపోతుంది, ఎక్కడా తెగదు. వేరే ఊళ్ళో ఒక వ్యాపారి నాకు పన్నెండు వందలకి అమ్మిన డబ్బీ, ఇంటికొచ్చి గోరు పెట్టి చూస్తే అంచు దగ్గర లేచింది. ఏదో పాత మందుల డబ్బీకి స్టిక్కర్ అంటించాడు. మీరు కొనేటప్పుడు కళ్ళజోడు తీసి, వేలి కొసతో మూత అంచు తడిమి చూడండి. కంటి కంటే వేలు నయం.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఈ మాట చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

విదేశాల్లో డబ్బీలు పోగేసేవాళ్ళు ఎక్కువగా కోరుకునేది ముళ్ళతో నిండుగా, సీలు తియ్యకుండా, గీత పడకుండా ఉన్నవి. నేనూ మొదట్లో అలాగే వెతికాను. దొరకవు. మన ఊళ్ళలో నిండు డబ్బీ దాదాపు దొరకదు. ఎందుకంటే మన ఇళ్ళలో ముళ్ళు అయిపోయిన మర్నాడే ఆ డబ్బీకి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. గట్టి రేకు, బిగుతు మూత, మీద బొమ్మ. దాన్ని పారేసే ఇల్లాలు ఉంటుందా?

తెనాలిలో ఒక కంసాలి గారింట్లో దొరికిన డబ్బీ నిండా గురిగింజలున్నాయి. ఎర్రగా, నల్లమచ్చతో. ఆ ఇంట్లో మూడు తరాలు బంగారం తూచినవి. గింజ మీద గింజ రాసుకుని పాలిష్ పట్టినట్టున్నాయి. అరండల్‌పేటలో ఒక హోమియో డాక్టరు గారి డబ్బీలో పంచదార మాత్రల పొడి ఇంకా తెల్లగా అంటుకుని ఉంది. పొడుం పెట్టుకున్న డబ్బీలు లెక్కలేనన్ని, మూత తియ్యగానే ఇప్పటికీ తుమ్మొస్తుంది. ముక్కుపుడక శీలలు, రేడియో వాల్వు స్క్రూలు, దేవుడి గదిలో విభూతి, అక్షింతలు. ఒకదాంట్లో ఒక చిన్న పాపిడిబిళ్ళ, దూదిలో చుట్టి. అడిగితే ఎవరిదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్ని తీసుకోలేక తిరిగి ఇచ్చేశాను.

సీతానగరం వైపు కృష్ణ ఒడ్డున చేపలు పట్టే ఒకాయన దగ్గర కుక్కబొమ్మ డబ్బీ కనిపించింది. లోపల గాలాలు. వాళ్ళ తాత నుంచి వచ్చిన డబ్బీ అట. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. రెడిచ్‌లో ఒకే ఊళ్ళో గాలాలూ ముళ్ళూ చేసేవారని చెప్పానే, ఇక్కడ బ్యారేజీ దగ్గర ఒకే డబ్బీలో కలిశాయి. ఆయన అమ్మనన్నాడు. అమ్మొద్దనే నేనూ అన్నాను. ఫొటో తీసుకుని, ఆయన చెప్పింది రాసుకుని వచ్చేశాను. నా దగ్గర లేని ఆ డబ్బీ నా నోటు పుస్తకంలో ఉంది.

కానీ ఈ బుద్ధి నాకు మొదటి పదేళ్ళు లేదు. డబ్బీ రాగానే లోపలున్నది చెత్తబుట్టలో ఒంపేసి, ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పెట్టి తోమేదాన్ని. చింతపండులో పులుపు రేకు మీద అచ్చుని తినేస్తుందని తెలియదు. మా అమ్మ పోయాక ఆవిడ పెట్టెలో కుంకుమ డబ్బీ దొరికింది. పిట్టబొమ్మదే. పెళ్ళైన కొత్తలో నాన్నగారు ఖాళీ అయిన డబ్బీ కడిగి ఇచ్చారట. మూత మీద సరిగ్గా బొటనవేలు ఆనే చోట పిట్ట రెక్క అరిగి తెల్లటి రేకు తేలింది. నలభై ఏళ్ళ పాటు రోజూ పొద్దున్నే ఒకే చోట ఒకే వేలు పడి అరిగిన అరుగుదల అది. మూలల్లో కుంకుమ ఇంకిపోయి గట్టిపడింది. నేను ఆ డబ్బీని కూడా తోమాను. శుభ్రంగా మెరిసింది. ఆ సాయంత్రం చూసుకుంటే పిట్ట సగం లేదు, అమ్మ బొటనవేలి గుర్తు ఎక్కడో తెలియలేదు, మూలలో ఎరుపు పోయింది. నా సేకరణ మొత్తంలో అంత పనికిరాని డబ్బీ ఇంకొకటి లేదు. దాన్ని పాడుచేసింది నేనే.

అప్పటి నుంచి ఏ డబ్బీ లోపలా ఉన్నది తియ్యలేదు. గురిగింజలు గురిగింజలుగానే ఉన్నాయి. ఒక్కో డబ్బీకి నోటు పుస్తకంలో ఒక పేజీ. ఏ ఊరు, ఏ పేట, లోపల ఏముంది, దాన్ని ఎవరు వాడారు, ఆ ఇంట్లో గ్రామఫోను ఉండేదా, ఉంటే ఏమైంది. ఆ చివరి ప్రశ్న అడిగితే చాలు, మీరు గంట సేపు లేవలేరు. గ్రామఫోను ఎప్పుడో అమ్మేశారు, ప్లేట్లు పిల్లలు ఎగరేసి ఆడుకుని పగలగొట్టారు, బూరా ఎవరో రాగి ధరకి పట్టుకెళ్ళారు. ఈ డబ్బీ ఒక్కటే మిగిలింది. ఎందుకు మిగిలిందంటే పాటతో దాని పని అయిపోయాక కూడా వంటింట్లో, పూజగదిలో పని దొరికింది కాబట్టి. మీకు ముళ్ళున్న నిండు డబ్బీ దొరికితే ఫ్యాక్టరీ సంగతి తెలుస్తుంది. గాలాలున్న డబ్బీ దొరికితే మన సంగతి తెలుస్తుంది. నాకు రెండోదే కావాలి.

దాచుకోవడం గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. మన విజయవాడ గాలిలో తడి మీకు తెలిసిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా మిత్రులొకరి ఇల్లు మునిగింది. నీళ్ళు తగ్గాక వెళ్ళాం. ఆయన అరవై డబ్బీలు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మంచం కింద ఉంచారు. అన్నీ బురదలో ఉన్నాయి. ఆయన గుడ్డ తీసుకుని తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఒండ్రుమట్టిలో సన్నటి ఇసుక ఉంటుంది, తుడిస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. మంచినీళ్ళ తొట్టెలో పెట్టి, నీళ్ళు మార్చుకుంటూ, మట్టి దానంతట అది వదిలేదాకా ఆగాం. ఎండలో పెట్టలేదు, ఫ్యాన్ కింద మూతలు తెరిచి ఆరబెట్టాం. ముళ్ళున్నవి మాత్రం పోయాయి. ఉక్కు ముళ్ళన్నీ తుప్పు పట్టి ఒకే ముద్దైపోయాయి, ఆ తుప్పు డబ్బీ అడుగుకి కూడా ఎక్కింది. ముళ్ళని నూనె రాసిన కాగితంలో విడిగా కట్టి ఉంచితే బతికేవి. ఆయన ఇంట్లో బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు పోయాయి. వాటి మధ్య ఈ డబ్బీల గురించి బాధపడ్డానికి ఆయన మొహమాటపడ్డారు. నేను అలా అనుకోవద్దన్నాను.

కాబట్టి నేల మీద పెట్టకండి. ప్లాస్టిక్ సంచుల్లో బిగించకండి, తడి లోపలే ఉండిపోతుంది. బీరువాలో పై అరలో, సిలికా జెల్ పొట్లాలతో. కొబ్బరినూనె రాస్తారు చాలామంది, వద్దు. అది కొన్నాళ్ళకి జిగటగా మారి దుమ్ము పట్టేస్తుంది. లోపలి తుప్పుకి కుట్టుమిషను నూనె ఒక చుక్క, బొమ్మ మీద ఏమీ వద్దు.

(సభలో ఒకరు: అమ్మా, ఒక్కో డబ్బీకి ఎంత పెట్టొచ్చు?)

మీ జేబుకి నొప్పి తెలియనంత. నేను నలభై రూపాయలకీ కొన్నాను, రెండు వేలకీ కొన్నాను. రెండు వేలు పెట్టినవాటి గురించి నా పుస్తకంలో ఒక్కో లైనే ఉంది. అమ్మినవాళ్ళకి ఏమీ తెలియదు కాబట్టి. ముందు మీ ఇంట్లో, మీ అత్తగారింట్లో అటక మీద చూడండి బాబూ. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్న ఇళ్ళకి ముందు వెళ్ళండి. వాళ్ళున్నప్పుడే అడగాలి.

(మరొకరు: పాత ముళ్ళు ఇప్పుడు వాడొచ్చా మేడమ్?)

తుప్పు లేని కొత్త ముల్లైతే నిక్షేపంగా వాడొచ్చు, ఒక వైపుకి ఒకసారి. ఉక్కు ముళ్ళు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, కొనుక్కోవచ్చు. ఒకసారి వాడినది మాత్రం మళ్ళీ పెట్టకండి. ఇంకో మాట, లక్క ప్లేట్లకే ఈ ముల్లు. తర్వాత వచ్చిన వినైల్ ఎల్పీ మీద పెట్టారంటే ఒక్క చుట్టుకే గాడి పోతుంది. కుర్రాళ్ళు తెలియక పెట్టేస్తున్నారు, చూసి ప్రాణం ఉసూరుమంటుంది.

ఇందాక మీ చేతుల్లో తిప్పిన డబ్బీ వచ్చిందా? ఇలా ఇవ్వండి. ఇది నాన్నగారి కొట్లో మిగిలిన ఆఖరి డబ్బీ. కొట్టు మూసేనాటికి ఇందులో ముప్పై ఏడు కొత్త ముళ్ళున్నాయి. దీన్ని ఇలాగే ఉంచెయ్యమన్నవాళ్ళున్నారు. నేను ఉంచలేదు. ఏటా నాన్నగారి తద్దినం నాటి సాయంత్రం ఒక ముల్లు తీస్తాను. ఆ కరుణశ్రీ గారి పద్యాల ప్లేటుకి తప్ప దేనికీ దీన్ని వాడను. ఇప్పుడు పదకొండున్నాయి. ఇవాళ తద్దినం కాదు గానీ, మీరందరూ ఉన్నారు కదా అని పెట్టె తెచ్చాను.

అటు చివర ఉన్న బాబూ, ఆ ఫ్యాన్లు మూడు నిమిషాలు ఆపుతారా?